దగ్గుకు ఎర్ర కార్డు

ప్రాంతీయ క్రీడాధికారి గారి సముఖమునకు,

మైదానం వెనుక వీధిలో దర్జీ పని చేసుకుంటూ, సెలవు రోజులలో పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు రెఫరీగా పనిచేయువాడు సమర్పించుకొను అర్జీ.

విషయం: పద్నాలుగేళ్ళలోపు బాలికల పోటీలలో ఎల్లుండి ఆదివారం జరగవలసిన ఫైనల్ ఆటను ఆపించుట గురించి, దగ్గిన పిల్లను ఎర్ర కార్డు చూపి బయటకు పంపవలెనను నిబంధనను రద్దు చేయుట గురించి, మరియు మా అక్క గురించి.

అయ్యా,

ఈ అర్జీని పెట్టెలో వేయకుండా తమరి గది కిటికీ అద్దానికి బయటి వైపున అంటించినందుకు ముందుగా మన్నించవలెను. నిన్న తమ కార్యాలయానికి ఫోను చేయగా గుమాస్తాగారు తీశారు. "అర్జీ రాసి వరండాలో పెట్టెలో వెయ్యండి. కాగితం మీద రోగం ఉంటుందని మూడు రోజులు పెట్టె తియ్యం. ఆ తర్వాత సార్ టేబుల్ మీదికి వెళ్తుంది" అన్నారు. "మరి ఆట ఆదివారమే కదండీ" అంటే, "ఆటకేముందండీ, అది దాని దారిన అయిపోతుంది" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఒక పెట్టె పెట్టారన్నమాట. అందుచేత కార్యాలయం తెరవకముందే వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, అక్షరాలు తమరి వైపు ఉండేలా కాగితాలను వరసగా అంటించాను. తమరు ఏమీ ముట్టుకోనక్కరలేదు. కుర్చీ కొంచెం ఇటు తిప్పుకుని చదివితే చాలును.

నా గురించి రెండు మాటలు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఉన్నదల్లా మా అక్క. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. నేను బట్ట కత్తిరించి కుడతాను, అక్క కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయవు. మంగళవారం, శనివారం ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే ఆమె బతుకు. ఒక్కసారి తప్పితే కాళ్ళు వాచిపోయి ఊపిరి ఆడదు. ఇటువంటి మనిషికి ఇప్పుడు ఊరంతా అంటుకుంటున్న ఈ దగ్గు జబ్బు సోకితే ఏమవుతుందో డాక్టరుగారు చెప్పారు, నేను మళ్ళీ రాయలేను. అయ్యా, నాకు భయంగా ఉంది. అర్జీలో ఈ మాట రాయవచ్చునో రాయకూడదో తెలియదు గాని, దీనికి వేరే సర్కారు మాట నాకు దొరకలేదు.

ఇక నా ఫిర్యాదులు ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

1. తమ కార్యాలయం నుంచి వెలువడిన నిబంధనల ప్రకారం, మైదానంలో ఎవరైనా దగ్గినచో రెఫరీ వారిని తన సొంత బాధ్యతపై బయటకు పంపవలెను. మొదట్లో ఆ పిల్ల స్థానంలో మరొక పిల్లను దింపుకోనిచ్చారు. దానితో అలసిపోయిన పిల్లలందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది. గోలు పడిందంటే చాలు, నలుగురు ఖళ్ ఖళ్ మని దగ్గి నీడకు చేరేవారు. నాకు నవ్వొచ్చింది గాని టోర్నమెంటు కార్యదర్శిగారికి రాలేదు. వారు తమకు రాయగా తమరు నిబంధన మార్చారు: దగ్గిన పిల్లకు ఎర్ర కార్డు చూపవలెను, ఆ స్థానంలో ఎవరినీ దింపరాదు, జట్టు మిగిలినవారితోనే ఆడవలెను.

ఎర్ర కార్డు అంటే ఏమిటో తమకు తెలియనిది కాదు. ఎదుటి పిల్ల కాలు విరిగేలా తన్నిన వారికి, మీద ఉమ్మిన వారికి చూపేది. ఆ కార్డు జేబులోంచి తీస్తే మైదానమంతా ఆ పిల్లను తప్పు చేసినట్టు చూస్తుంది. దగ్గడం ఏ రకం తప్పో, దానికి చేతి సైగ ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు.

2. ఆ రోజు నుంచి మైదానంలో ఒక్క దగ్గు కూడా వినబడలేదు. కార్యదర్శిగారు మైకులో "మన క్రమశిక్షణ వల్ల రోగం మన మైదానం గుమ్మం తొక్కలేదు" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కాని అయ్యా, బంతి ఎక్కడో మూలన ఆగి ఉండగా, ఎవరూ పరుగెత్తకుండా ఉండగా, ఒక జట్టు పిల్లలంతా ఉన్నట్టుండి "కమాన్! కమాన్! కమాన్!" అని గొంతు చించుకునేవారు. గీత అవతల నిలబడిన తల్లిదండ్రులు కూడా అందుకునేవారు. మొదట ఉత్సాహమనుకున్నాను. తర్వాత చూస్తే, అరుపు మొదలైన ప్రతిసారీ ఒక పిల్ల తల వంచుకుని బూటు తాడు కట్టుకుంటోంది. ఆ అరుపు కింద ఆమె దగ్గుతోంది. మిగతావాళ్ళు ఆ దగ్గును కప్పుతున్నారు.

ఎవరు నేర్పారో తెలియదు. ఏ జట్టులో మొదలైందోగాని, వారం తిరిగేసరికి అన్ని జట్లూ నేర్చేసుకున్నాయి. అరవడానికి తోడు లేనప్పుడు పిల్లలు దగ్గును మింగేసేవారు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు బిగించుకుని, కళ్ళలో నీళ్ళు నింపుకుని, మొహం కందిపోయేదాకా ఆపుకునేవారు. అటువంటి మొహంతో పన్నెండేళ్ళ పిల్ల నా ఎదురుగా నిలబడి "ఏం లేదు సార్" అంటే, నేనేం చెయ్యాలి? గుండె మీద చెయ్యి పెట్టి చూడాలా? రెఫరీకి ఆ అధికారం ఉందా? ఉన్నా నేను దర్జీని, డాక్టర్ని కాను.

3. విజిల్ ఊదాలంటే మాస్కు తీయవలసి వస్తున్నది. అందుకని నొక్కితే మోగే రబ్బరు హారన్ ఒకటి తెచ్చుకున్నాను. కార్యదర్శిగారు "ఇదేం ఆటోస్టాండా?" అని తీయించేశారు. ఈ సంగతి చిన్నదే, ఊరికే మనవి చేశాను.

4. గడిచిన ఆదివారం సెమీఫైనల్ జరిగింది. ఒక జట్టు గోల్‌కీపరును అందరూ "గోడ" అంటారు. పదమూడేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుంది, పేరుకూ మనిషికీ పొంతన లేదు. కాని ఆమెను దాటి బంతి వెళ్ళడం మాత్రం కష్టం. ఆట సగం అయ్యేసరికి ఆమె వైపు నుంచి మూడుసార్లు కమాన్ అరుపు వినబడింది. మూడోసారి బంతి అవతలి కొసన ఉంది. నేను ఆట ఆపి ఆమె దగ్గరకు వెళ్ళాను.

"అమ్మా, దగ్గుతున్నావా?"

"లేదు సార్." నోరు తెరవకుండానే అంది.

"నాతో చెప్పమ్మా, ఏమీ అనను."

ఏమీ అననని ఎలా అన్నానో! జేబులో ఎర్ర కార్డు పెట్టుకుని అన్న మాట అది. ఆమె నన్ను, నా జేబును చూసింది. గీత అవతల నుంచి ఆమె తండ్రి, బస్సుల డిపోలో మెకానిక్కు, కేకలు వేశాడు. "ఏంటయ్యా మా పిల్లని పోలీసులా నిలదీస్తావు? దాని బాధ్యత నాది! సంతకం పెట్టి మరీ పంపాను! నీకెందుకు మధ్యలో?"

నిజమే, సంతకం పెట్టాడు. అందరు తల్లిదండ్రులూ పెట్టారు, 'నా బిడ్డ ఆరోగ్యానికి నాదే పూర్తి బాధ్యత' అని. నా ఆరోగ్యానికి నాదే బాధ్యత అని నేనూ పెట్టాను. గేటు మీద బ్యానరు కూడా కట్టారు కదా, 'ఎవరి ఆరోగ్యం వారి బాధ్యత' అని. ఆ మైదానంలో ఎవరి బాధ్యత వారి దగ్గర భద్రంగా ఉంది. ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోతున్న గాలికి మాత్రం ఎవరూ సంతకం పెట్టలేదు.

అప్పుడు ఆ పిల్ల ఆపుకోలేక దగ్గింది. నేను కార్డు తీశాను. ఆమె జట్టుకు కీపరు లేకుండా పోయింది. ఆమె రెండు చేతులతో నా చొక్కా పట్టుకుని, "సార్ వద్దు సార్, నా వల్ల ఓడిపోతారు సార్, ఇంక దగ్గను సార్, ఒట్టు" అని నా గుండెకు మొహం ఆనించి ఏడ్చేసింది. అంతసేపు మింగిన దగ్గంతా అక్కడ బయటపడింది. చొక్కా తడిసింది. నా మాస్కు విజిల్ కోసం గడ్డం కిందికి దించి ఉంది.

దూరంగా జరగాలని నాకు తెలుసు. అక్క గుర్తొచ్చింది కూడా. కాని పిల్ల కదండీ, తోసెయ్యలేకపోయాను. తల నిమిరి, "నీ తప్పేం లేదమ్మా" అన్నాను. తప్పు లేకపోతే కార్డు ఎందుకని ఆమె అడగలేదు.

5. వారు ఓడిపోయారు. అవతలి జట్టు ఫైనలుకు వెళ్ళింది. ఆట అయ్యాక పిల్లలంతా కలిసి ఒకరి మెడలు ఒకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, ఫోటోలు దిగారు.

బుధవారం నాడు మెకానిక్కు ఫోను చేశాడు. గొంతు వేరేగా ఉంది. "సార్, పిల్లకి పాజిటివ్ అన్నారు. ఇప్పుడు ఫర్లేదు, పడుకుంది. ఆ రోజు నోటికొచ్చినట్టు మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా సార్?" అన్నాడు. అక్క ఉందనీ, డయాలసిస్ అనీ చెప్పాను. ఈలోగా ఆ పిల్ల ఫోను లాక్కున్నట్టుంది. "సార్, నేను మీ మీద దగ్గానా?" అంది.

"లేదమ్మా, పక్కకి తిరిగే దగ్గావు" అన్నాను.

వెంటనే కార్యదర్శిగారికి చెప్పాను, ఆ రోజు ఆడినవారందరికీ పరీక్ష చేయించండి, ఫైనలు ఆపండి అని. వారు "దగ్గిన పిల్లని మీరే పంపేశారు కదయ్యా, రూలు ప్రకారం చేశారు, శభాష్. ఇంకేంటి సమస్య? మిగతావాళ్ళు ఒక్కరైనా దగ్గారా?" అన్నారు. దగ్గలేదండీ, అరిచారు అన్నాను. "అరిస్తే జబ్బా? ట్రోఫీలు వచ్చేశాయి, ముఖ్య అతిథిగా సార్ వస్తానన్నారు. నీకు భయమైతే ఇంకో రెఫరీని చూసుకుంటాం" అన్నారు. ఆ సార్ తమరే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందంటే తమరు కోపగించుకుంటారు గాని, అయ్యా, కళ్ళు మూసుకున్నది ఒక్క పిల్లి కాదు.

6. ఇక మా అక్క సంగతి.

ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేశాను, చొక్కా నానబెట్టాను. కాని రాత్రి అక్కతో కలిసే తిన్నాను. సోమవారమూ అంతే. ఒకే దీపం కింద నేను చొక్కా కుట్టాను, ఆమె అదే చొక్కాకు గుండీలు వేసింది. దారం నోటితో తడిపి సూదిలో ఎక్కించి ఇస్తే తీసుకుంది, ఆమెకు చూపు సరిగా ఆనదు. మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది. మెకానిక్కు ఫోను వచ్చిన బుధవారం నుంచి మాత్రం నేను ముందు గదిలో, బట్ట కత్తిరించే బల్ల మీద పడుకుంటున్నాను. మధ్య తలుపు మూసేశాం. అక్క తలుపు అవతల నుంచే, "ఏరా విజిలూ, నన్ను వెలేశావా?" అని నవ్వుతోంది. నన్ను అలాగే పిలుస్తుంది.

నిన్న నేను పరీక్షకు ఇచ్చి వచ్చాను. ఫలితం ఇంకా రాలేదు. నువ్వూ రా అక్కా అంటే రానంది. "నాకేం రోగం రా, గుండ్రాయిలా ఉన్నాను" అంది.

నిన్న సాయంత్రం వెనక గదిలో రేడియో మోగుతోంది. పాటలు వస్తున్నంతసేపూ చిన్నగానే ఉంది. పాటలయ్యాక కూరగాయల ధరలు చెప్పడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి సౌండు బాగా పెరిగింది. కాసేపటికి తగ్గింది. మళ్ళీ పెరిగింది. ఉల్లిపాయల ధర వినడానికి ఎవరు సౌండు పెంచుతారు చెప్పండి? నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. ఆ సౌండు కింద ఏముందో నాకు తెలుసు. నెల రోజులుగా మైదానంలో నేను వింటున్నది అదే.

తలుపు దగ్గరకు వెళ్ళి, "అక్కా, దగ్గుతున్నావా?" అన్నాను.

"లేదురా" అంది. నోరు తెరవకుండానే అంది.

అయ్యా, ఆమె ఎందుకు దాస్తోందో నాకు తెలుసు. డయాలసిస్ హాలు గుమ్మం దగ్గర నర్సమ్మ అందరినీ అడుగుతుంది, దగ్గుందా, జ్వరముందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. ఉందంటే పరీక్ష ఫలితం వచ్చేదాకా లోపలికి రానివ్వరు. అక్క పక్క మంచం మీద ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. దగ్గుందని చెప్పాడు, వెనక్కి పంపారు. ఫలితం వచ్చింది, జబ్బు లేదు. ఆ ఫలితం వచ్చేసరికి ఆయన లేడు. ఆ రోజు నుంచి ఆ హాలులో ఎవరికీ దగ్గు లేదు. నర్సమ్మ అడుగుతుంది, అందరూ లేదంటారు, లోపలికి వెళ్ళి పక్కపక్కన పడుకుంటారు. నర్సమ్మను నేను తప్పు పట్టను. ఆమె చేతిలోనూ నాలాగే ఒక కార్డు పెట్టారు.

రేపు శనివారం, అక్క వంతు. నేను నిజం చెబితే అక్కను వెనక్కి పంపుతారు. చెప్పకపోతే ఆ హాలులో ఉన్నవాళ్ళంతా అక్కలాంటివాళ్ళే, అక్కకన్నా చిన్నవాళ్ళు కూడా ఉన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిబంధనలో 'సొంత బాధ్యత' అని రాశారు కదా, ఇందులో నా సొంతానికి ఏది చేస్తే సరైనదో తమరు సెలవివ్వవలెను. దగ్గుందని చెప్పినవాణ్ణి చెప్పినందుకు బయటకు గెంటితే, మర్నాటి నుంచి చెప్పేవాడు ఉండడండీ. ఇది కనిపెట్టడానికి రెఫరీయే కానక్కరలేదు.

కావున ప్రార్థించునది ఏమనగా:

(అ) ఆదివారపు ఫైనలును ఆపించవలెను. సెమీఫైనలు ఆడిన పిల్లలందరికీ, అరిచిన పిల్లలకు కూడా, పరీక్ష చేయించవలెను. ట్రోఫీలు ఎక్కడికీ పోవు, ఇత్తడివి.

(ఆ) ఎప్పుడు ఆడించినా, దగ్గిన పిల్లకు కార్డు చూపే నిబంధన తీసివేయవలెను. ఆమె స్థానంలో ఇంకొక పిల్లను దిగనివ్వవలెను. అలసిపోయినవాళ్ళు దొంగ దగ్గు దగ్గి కాసేపు కూర్చుంటే కూర్చోనివ్వండి. పిల్లలు కదా.

(ఇ) ఇది తమ శాఖ పరిధిలోనిది కాదని తెలుసు. కాని తమరు రోగ నివారణ కమిటీలో సభ్యులని బోర్డు మీద రాసి ఉంది. డయాలసిస్ హాలులో దగ్గు ఉన్నవారికి వేరుగా ఒక మంచం, వేరుగా ఒక వేళ ఏర్పాటు చేయించవలెను. ఒక్క మంచం చాలును.

ఫైనలు ఆపకపోయినా నేను రాను. ఎర్ర కార్డు ఈ అర్జీ చివరి కాగితానికి పిన్ను చేసి ఉంచాను. ఇంకో రెఫరీని చూసుకునేవారు అతనికి ఇవ్వగలరు.

అద్దం అవతల నుంచే అయినను ఈ సంగతులన్నీ ఈ రోజే చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
దర్జీ మరియు రెఫరీ

తాజా కలం: అయ్యా, రాసినదేదైనా అక్కకు చదివి వినిపించడం నాకు అలవాటు. ఈ అర్జీ కూడా తలుపు ఇవతల కూర్చుని చదివాను. రేడియో సంగతి దగ్గరకు వచ్చేసరికి ఆపేద్దామనుకున్నాను, నోరు ఆగలేదు. లోపల రేడియో కట్టేసిన చప్పుడయింది. తర్వాత అక్క దగ్గింది. చాలాసేపు దగ్గింది. ఇంతసేపూ అంత దగ్గు ఎక్కడ పెట్టుకుందో.

"రేపు గుమ్మం దగ్గర నేనే చెప్తాలేరా, దగ్గుందని" అంది. "అవతలి మంచం మీది పిల్ల కాలేజీలో చేరి ఏడాది కూడా కాలేదు. దాని మీద దగ్గి నేనెన్నాళ్ళు బతకాలి?"

వద్దక్కా అన్నాను. అవునయ్యా, ఇంత అర్జీ రాసి, నేనే వద్దన్నాను. దగ్గు లేదని చెప్పేసెయ్ అక్కా అని తలుపు కొట్టి మరీ బతిమాలాను. "నోర్ముయ్ రా విజిలూ, నువ్వు కార్డు చూపించిన పిల్ల ఫోను లాక్కుని మరీ అడిగిందే, దానికున్న ధైర్యం కూడా నీకు లేదు" అంది. ఆమె అన్నదంటే చేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

రేపు పొద్దున్నే మేం ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంటాం. ఆమె నిజం చెబుతుంది. ఆట సంగతి తమరి ఇష్టం, పిల్లల సంగతి తమరి ఇష్టం, నన్ను జైల్లో పెట్టినా తమరి ఇష్టం. ఆమెను మాత్రం వెనక్కి పంపొద్దని ఎవరికైనా ఒక్క ఫోను చెయ్యండి సార్. నాకు అక్క ఒక్కతే ఉంది.